సంబంధం లేదని సంతకం

మార్చి 3

బుల్లీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకుని ఆగిపోయాను. నా వైపు కుశలం లేదు, నీ వైపు ఎలా ఉందో తెలుసుకునే దారి మూసుకుపోయింది. కోడి గెలికినట్టున్న ఈ రాత చూసి ఎవరో బడిపిల్ల రాసిందనుకునేవు. నీ వదినే. పెన్ను పట్టి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు.

రోజూ పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని నేను నీకు మెసేజి పెట్టడం, నువ్వు పనిలోకి దిగేముందు జవాబివ్వడం మనకి పళ్లు తోముకోవడం లాంటి అలవాటైపోయింది కదా. ఇన్ని రోజులు నా దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి అలిగాననుకుని ఉంటావు, లేకపోతే పోయాననుకుని ఉంటావు. ఉన్నాను. నా షాపే పోయింది.

ఆ రోజు కంప్యూటర్ తెరిస్తే షాపుండాల్సిన చోట అంతా తెల్లగా ఉంది. మధ్యలో ఒక్క వాక్యం. "మీతో సంబంధం ఉన్న వ్యక్తి చర్యల కారణంగా మీ అకౌంట్లు నిలిపివేయడమైనది" అని. షాపూ, మెయిలూ, మనం రాసుకునే మెసేజీలూ మూడూ ఒకే కంపెనీవి కదా, మూడు తలుపులకీ ఒకేసారి తాళం పడింది. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నా బటన్ల ఫోన్‌లోంచి "షాపు పోయింది, ఉత్తరం రాస్తా" అని పంపడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది. అది అందిందో లేదో కూడా తెలీదు.

ఆ సంబంధం ఉన్న వ్యక్తి ఎవరో చెప్పరు. ఏం చేశాడో చెప్పరు. కుర్చీలో కూర్చుని ఆలోచించాను, అసలు నాతో సంబంధం ఉన్నవాళ్లు ఎవరని. పార్సిళ్లు తీసుకెళ్లే అతను. కింద వాటా ఆవిడ. నువ్వు. ఎంత ఆలోచించినా ఇంకొకరు తేలలేదు. ఇంతమందిలోంచే దొంగని పట్టుకోలేకపోతే నన్నేమనాలి.

నా అనుమానం కింద వాటా ఆవిడ మీద. మధ్యాహ్నాలు పైకొచ్చి, నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరెవరికో ఏవేవో పంపుతూ ఉండేది. నిన్న మెట్ల మీద నిలబెట్టి అడిగేశాను. ఆవిడ చేతిలో బట్టల బకెట్ ఉంది. దాన్ని కింద పెట్టి, "నేనాండీ?" అని ఒక్క మాట అంది. మళ్లీ బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది. దొంగతనం చేసినవాళ్లు ఇంకా ఎక్కువ మాట్లాడతారేమో, నాకేం అనుభవం.

షాపు సంగతి అటుంచు. బీరువా తెరవాలంటే భయంగా ఉంది. కొనేవాళ్లు తమ పాత బట్టలు పంపితే బొంత కుట్టి తిరిగి పంపడం కదా నా పని. ఇప్పుడు ఎవరెవరి బట్టలో నా ఇంట్లో ఉండిపోయాయి, వాళ్ల చిరునామాలన్నీ ఆ తాళం వెనక ఉన్నాయి. ఒకమ్మాయి వాళ్ల నాన్న చొక్కాలు పంపింది. పోయాడట. రంగులు ఎలా కావాలి, అంచు ఎలా కావాలి అని ఏమీ చెప్పలేదు, "జేబులు విప్పకండి" అని మాత్రం రాసింది. జేబులు జేబుల్లాగే ఉంచి ఎలా కుట్టాలా అని నేను కిందా మీదా పడుతున్నప్పుడే ఇది జరిగింది. ఆ పిల్ల ఇప్పుడు నా గురించి ఏమనుకుంటోందో.

జవాబు రాయి. పెద్దగా రాయక్కర్లేదు, కాగితం నిండితే చాలు.

నీ వదిన

*

మార్చి 14

వదినా,

నీ బటన్ల మెసేజి అందింది. "షాపు పోయింది" అని చూసి నిప్పంటుకుందేమో అనుకున్నాను. ఇంట్లో నిప్పు, నువ్వు బొంతల మధ్య. ఆ రోజంతా ఇస్త్రీ చేసిన దుప్పట్లే మళ్లీ ఇస్త్రీ చేశాను. నీ ఉత్తరం వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాను. అయినా నువ్వు బతికున్నట్టు చెప్పడానికి రెండు పేజీలు తీసుకున్నావు.

నేను బానే ఉన్నాను. ఆసుపత్రి లాండ్రీలో కొత్త మిషన్లు వచ్చాయి. వాటి మోతకి చెవులు పోతాయని అందరూ దూది పెట్టుకుంటున్నారు. సూపర్వైజర్ నాకూ దూది ఇచ్చింది. తీసుకుని జేబులో వేసుకున్నాను, పాపం ఆవిడకి గుర్తు లేదు.

నువ్వు షాపు పోయిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే, అన్నయ్య ఫోన్ నువ్వు నాకిచ్చినప్పుడు అందులో షాపు అలాగే ఉంచావు కదా. నీకు ఆర్డరొస్తే అది నా ఆప్రాన్ జేబులో వణుకుతుంది. నాకు నీ గొంతు వినపడదు గానీ, అది వణికితే మా వదినకి పనొచ్చింది అనుకుంటాను. పక్కనున్న అమ్మాయికి కూడా చెప్తాను. ఈ చలికాలమంతా అది ఆగకుండా వణికింది. ఒక్కోరోజు దుప్పటి మడత పెట్టడం అయ్యేలోపు రెండుసార్లు. మా వదిన దశ తిరిగింది, రాత్రీ పగలూ కుడుతోంది కాబోలు, కళ్లు పాడుచేసుకుంటుందేమో అని బెంగపడ్డాను కూడా. నువ్వు మెసేజీల్లో ఎప్పుడూ ఆ మాటెత్తలేదు, దిష్టి తగులుతుందని దాచావనుకున్నాను. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది.

కింద వాటా ఆవిడని తొందరపడి అడిగావేమో. నీకు జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి తెచ్చింది ఆవిడే అని నువ్వే చెప్పావు.

మా ఆయన నిన్ను అడిగానని చెప్పమన్నాడు. గోడౌన్ పని పోయినప్పటి నుంచి ముఖం మాడ్చుకుని కూర్చునేవాడు కదా, ఇప్పుడు స్నేహితుడితో కలిసి ఏదో సరుకు తిప్పుతున్నాడు. హుషారుగానే ఉన్నాడు. ఇంట్లో ఈల కూడా వేస్తున్నాడట. పక్కింటావిడ చెప్పింది, నాకెలా తెలుస్తుంది.

ఆ కంపెనీవాళ్లకి గట్టిగా రాయి వదినా. నువ్వు నోరు తెరిస్తే తట్టుకోగలిగినవాళ్లు ఇంకా పుట్టలేదు.

నీ బుల్లి

*

మార్చి 22

బుల్లీ,

గట్టిగా రాశాను. సందు చివర కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికెళ్లి, అతని మెయిల్లోంచి రాయించాను. నేను చెప్పిన మాటలన్నీ అతను రాయలేదనుకుంటా, అంత పెద్ద తిట్టు అంత చిన్న మెయిల్లో పట్టదు. జవాబు వచ్చింది. కుర్చీలో ఉన్నావా? లేకపోతే కూర్చుని చదువు.

ఆ సంబంధం ఉన్న వ్యక్తి మీ అన్నయ్యట.

పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. షాపు పెట్టినప్పుడు ఇద్దరం యజమానులమని రాశాం కదా, ఆయన పేరు అలాగే ఉంది. ఆయన పోయాక తీసెయ్యమని అందరూ అన్నారు. తీసెయ్యడానికి ఒక బటన్ ఉంటుంది, "తొలగించు" అని. దాని దాకా వెళ్లి వెనక్కొచ్చేదాన్ని. ఇంట్లో ఆయన చెప్పులు తీసేశాను, కళ్లద్దాలు ఇచ్చేశాను, ఆ ఒక్క చోట ఉండనీ అనుకున్నాను. ఇప్పుడు ఆయన అకౌంట్ మీద ఇంకో షాపు నడిచిందట. పెద్ద కంపెనీల పేర్లేసి నకిలీ వాచీలు అమ్మారట. కొన్నవాళ్లు మండిపడి ఫిర్యాదులు చేశారు. ఆయనతో పాటు నన్నూ ముద్దాయిని చేశారు. మీ అన్నయ్య వాచీలమ్మడమేంటి బుల్లీ. ఆయన వాచీ ఎప్పుడూ వెనకబడి నడిచేది, దాని వల్ల మా పెళ్లికి ఆయనే ఆలస్యంగా వచ్చాడు.

మళ్లీ అవకాశం ఇస్తారట. ఒక కాగితం పంపారు. అందులో ఇలా ఉంది: "పై వ్యక్తితో నాకు ఇకపై వ్యాపారపరంగా గానీ, మరే విధంగా గానీ ఎటువంటి సంబంధమూ లేదని ధ్రువీకరిస్తున్నాను." కింద సంతకం. ఏప్రిల్ నెలాఖరులోగా పంపితే ఆయన్ని తీసేసి నా అకౌంట్లు నాకిస్తారు. పంపకపోతే ఎప్పటికీ ఇవ్వరు. చొక్కాల పిల్ల చిరునామా కూడా దాంతోనే పోతుంది.

కంప్యూటర్ షాపతను పైకి చదివి వినిపించాడు. మరే విధంగా గానీ అన్నచోట నేను ఇంకోసారి చదవమన్నాను.

సరే, అడగాల్సింది అడుగుతాను. ఆ ఫోన్ నీ దగ్గరే ఉందా? ఎవరి చేతికైనా ఇచ్చావా? పోగొట్టుకుని మళ్లీ దొరికించుకున్నావా? చలికాలమంతా వణికిందన్నావు. నాకు ఆ రోజుల్లో అంత పని లేదు. మిషన్ మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాను. నాకు ఉన్నమాట చెప్పు.

నీకు గుర్తుందా, షాపులో ఫోటోలన్నిటిలో బొంతని పైకెత్తి పట్టుకున్నది మీ అన్నయ్యే. మనిషి కనపడడు. పైన వేళ్లు, కింద రెండు పాదాలు. బొంత బాగుంది గానీ ఆ కాళ్లెవరివి అని ఒకావిడ రాసింది కూడా. ఆ ఫోటోలు ఆయన అకౌంట్‌లో ఉన్నాయి. ఆయన్ని తీసేస్తే అవీ పోతాయి. నా దగ్గర వేరే లేవు.

త్వరగా రాయి.

నీ వదిన

*

ఏప్రిల్ 2

వదినా,

ఉన్నమాట చెప్పు అన్నావు. అంటే ఇన్నేళ్లుగా నేను నీకు లేనిమాటలు చెబుతున్నానా?

ఫోన్ నా దగ్గరే ఉంది. పగలు జేబులో, రాత్రి దిండు కింద. ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కడా పోగొట్టుకోలేదు. స్నానానికెళ్తే కూడా తలుపు దగ్గర మేకుకి సంచీలో వేలాడదీసుకుంటాను. చెవిటిదానికి ఫోనెందుకని ఇక్కడ నవ్వుకున్నవాళ్లున్నారు. నీ నోటి నుంచి కూడా ఆ ఫోన్ గురించి ఇలాంటి మాట వస్తుందనుకోలేదు. వాచీలు నేనమ్మానని అనుకుంటున్నావా? అనుకుంటే అనుకో. ముందు కింద వాటా ఆవిడన్నావు, తర్వాత నేను. నువ్వు చెప్పిన ముగ్గురిలో ఇక పార్సిళ్లతనే మిగిలాడు.

ఆ కాగితం గురించి రాసింది రెండుసార్లు చదివాను. సంతకం పెడతానని నువ్వు రాయలేదు, పెట్టనని కూడా రాయలేదు. ఆలోచిస్తున్నావన్నమాట. అన్నయ్యతో సంబంధం లేదని రాయడానికి ఆలోచిస్తున్నావు.

నాకు జ్వరంలో చెవులు పోయినప్పుడు ఇంట్లో అందరూ నా ముఖం మీదకొచ్చి అరిచేవాళ్లు. అరిస్తే పెదాలు వంకరపోతాయి, ఏమీ అర్థమయ్యేది కాదు. అన్నయ్య ఒక్కడే ఎదురుగా కూర్చుని, అరవకుండా, మామూలుగా మాట్లాడేవాడు. అద్దం ముందు కూర్చోబెట్టి, తను మాట్లాడుతుంటే అద్దంలో చూసి చెప్పమనేవాడు. తప్పు చెబితే మళ్లీ. విసుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఈ రోజు నలుగురిలో బతికే ధైర్యముందంటే అది అన్నయ్య పెట్టిన భిక్ష. నీకు షాపు కావాలి, చిరునామాలు కావాలి. నిజమే. నాకు అవేమీ లేవు కాబట్టి మాట్లాడటం తేలిక అనొచ్చు నువ్వు.

నీ ఇష్టం వదినా. సంతకం పెట్టాక మాత్రం నాకు చెప్పకు.

బుల్లి

*

ఏప్రిల్ 9

బుల్లీ,

కింద నీ బుల్లి అని రాయలేదు, ఉత్త బుల్లి అని రాశావు. నాకు కనపడదనుకున్నావా?

నేను సంతకం పెట్టలేదు. ముందు ఆ మాట చెవిన వేసుకో. కాగితం కుట్టుమిషన్ మీద ఉంది, దాని మీద కత్తెర పెట్టాను. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా అంచులు లేస్తాయి. నేను పక్కగదిలో కూర్చుంటాను.

నిన్ను అనుమానించాననుకున్నావు. ఎవరికైనా ఇచ్చావా అని అడిగితే నువ్వు దొంగవని అర్థమా? నాకసలు నాలుక మెత్తన కాదు. మీ అన్నయ్య ఉన్నప్పుడు నా మాటకీ ఎదుటివాళ్లకీ మధ్య ఆయన నిలబడి, "అది అలా అంటోంది గానీ దాని ఉద్దేశం ఇది" అని సర్దిచెప్పేవాడు. ఇప్పుడు నా మాటలు సరాసరి వెళ్లి తగులుతున్నాయి. నీకు తగిలినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఇక్కడ సంగతులు రాయడానికి ఏమీ లేవు, అయినా రాస్తాను. ఆర్డర్లు లేవు కాబట్టి పార్సిళ్లతను రావడం మానేశాడు. అతని బండి మన వీధిలో ఆగుతుంది, ఎదురింటికి వెళ్తుంది. నేను కిటికీ దగ్గర నిలబడితే చెయ్యి ఊపుతాడు. కింద వాటా ఆవిడ నా అడుగుల చప్పుడు వింటే చాలు, తలుపు వేసేసుకుంటోంది. నిన్న కూరగాయలమ్మాయి ధర చెప్పి "ఇవ్వనా?" అని అడిగితే నాకు గొంతు పెగల్లేదు. ఎందుకా అని చూస్తే, అంతకుముందు రోజంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు తుప్పుపట్టింది. నువ్వు చూస్తే నవ్వేదానివి. అప్పటి నుంచి కుట్టుమిషన్‌తో పైకే మాట్లాడుతున్నాను. అది నయం, తలుపు వేసుకోదు.

ఇంకో మాట. ఆ ఫోన్ సంగతి ఇక వదిలెయ్. కంప్యూటర్ షాపతను చెప్పాడు, ఇలాంటివి చేసే ముఠాలు ఎక్కడో దూరదేశాల్లో ఉంటాయట. అక్కడ కూర్చునే ఎవరి అకౌంట్లోనైనా దూరిపోతారట. ఫోన్ నీ దగ్గర ఉన్నా లేకపోయినా ఒకటేనట. కాబట్టి నువ్వేమీ వెతకద్దు, ఎవర్నీ అడగద్దు. మీ ఆయనతో కూడా ఈ విషయం ఎత్తకు. జరిగిందేదో జరిగింది. నువ్వు ఎప్పటిలా అది జేబులో పెట్టుకుని పనికి వెళ్లు.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి, తిట్లైనా ఫరవాలేదు. డబ్బాలో పోస్టు పడిన చప్పుడు నాకిప్పుడు బాగా తెలుస్తోంది.

నీ వదిన

*

ఏప్రిల్ 20

వదినా,

నువ్వు నాకెప్పుడూ ఏదీ వద్దని చెప్పలేదు. పెళ్లికి ముందు జుట్టు కత్తిరించుకుంటానంటే కత్తెర తెచ్చిచ్చావు. అలాంటిదానివి, వెతకద్దు, అడగద్దు, మా ఆయనతో ఎత్తద్దు అని వరసగా రాసేసరికి, నాకు ఉత్తరం అక్కడ ఆగిపోయింది.

ఆదివారం ఆయన స్నేహితుడు అట్టపెట్టె మోసుకుని వచ్చాడు. ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. నేను వంటగదిలో వాళ్లకి వీపు పెట్టి గిన్నెలు తోముతున్నాను. నాకు వినపడదని వాళ్లకి ధీమా, గొంతు కూడా తగ్గించరు. గిన్నెల అలమరకి అద్దం తలుపు ఉంది. అందులో మా ఆయన ముఖం ఎదురుగా కనపడుతోంది. అన్నయ్య నేర్పిన చదువు దేనికి పనికొచ్చిందో చూడు.

"ఆవిడ షాపు వల్ల ఆ అకౌంట్‌కి మంచి పేరుందిరా, అందుకే జనం నమ్మి కొన్నారు" అన్నాడు. "ఇంకో అకౌంట్ దొరికేదాకా ఆగుదాం" అన్నాడు.

నాకు గిన్నె జారిపోయింది. చప్పుడైందేమో, ఇద్దరూ ఇటు తిరిగారు.

ఛార్జింగ్ పెడతానని రోజూ సాయంత్రం ఫోన్ తీసుకునేవాడు. ఎంత శ్రద్ధ అనుకునేదాన్ని. ఆ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ నంబర్‌తో తన ఫోన్‌లోంచి అన్నయ్య అకౌంట్ తెరుచుకున్నాడు. చలికాలమంతా నా జేబులో వణికినవి వాచీలు వదినా. నీ బొంతలు కావు. నేను పక్కమ్మాయికి చెప్పి సంబరపడ్డవన్నీ అవే.

అడిగాను. నాకు మాటలు సరిగ్గా పలకవని తెలుసు, కోపంలో అసలు పలకవు. అయినా అడిగాను. "పోయినవాడి పేరే కదా, ఎవరికి నష్టమనుకున్నాను" అన్నాడు. నీ షాపు కూడా మూతపడుతుందని తెలీదట. అది నిజమే అనుకుంటా, ఆయనకి అంత దూరం ఆలోచించే బుర్ర లేదు. తర్వాత మంచం మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఏం చెబుతున్నాడో నాకు తెలీలేదు. చేతులు అడ్డమున్నాయి.

ఆయన చేతే రాయించాను. ఇందులో పెట్టాను చూడు. అన్నయ్య పోయాడని, ఆ తర్వాత ఆ అకౌంట్ వాడింది తనేనని, తన పేరు, చిరునామా, సంతకం అన్నీ ఉన్నాయి. ఇది ఆ కంపెనీకి పంపు. పోలీసులొస్తే రానీ. అన్నయ్య మీద ఆ మచ్చ ఉండకూడదు, నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

నిన్ను అన్నన్ని మాటలన్నాను. దొంగని ఇంట్లో పెట్టుకుని నీ మీద ఒంటికాలి మీద లేచాను. నీకు ముఖం చూపించలేను. ఇక ఉత్తరాలు కూడా రాయలేను. ఇదే చివరిది. ఆరోగ్యం జాగ్రత్త. అద్దాలు మార్పించుకో.

బుల్లి

*

మే 6

బుల్లీ,

నా మెసేజీలు వచ్చాయా? రెండు రోజుల నుంచి పంపుతున్నాను. నువ్వు చూడటం లేదు. అందుకని మళ్లీ కాగితం మీదకొచ్చాను. కాగితమైతే చింపడానికైనా చేత్తో పట్టుకోవాలి.

మెసేజీలు పంపుతున్నానంటే నీకు అర్థమయ్యే ఉంటుంది. సంతకం పెట్టాను.

చెప్పద్దన్నావు, చెబుతున్నాను. గడువు ఆఖరి రోజున సందు చివరికెళ్లాను. కంప్యూటర్ షాపతను కాగితాన్ని మిషన్‌లో పెట్టబోతూ, కింద నా సంతకం చూసి, ఇంటిపేరు ఒకటే అయ్యేసరికి ఆగాడు. "ఈయన మీకేమవుతారండీ?" అన్నాడు. మా ఆయన అన్నాను. "విడిపోయారా?" అని మెల్లిగా అడిగాడు. లేదు, చనిపోయారు అన్నాను. అతను కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. పంపేశాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. తర్వాత రోజు కూర తరుగుతుంటే వచ్చింది.

షాపు తెరుచుకుంది. నా ఒక్కదాని పేరే ఉంది. పాత ఫోటోలు లేవు, బొంతలన్నీ పోయి ఉత్త ధరలు మిగిలాయి. ఆ ఫోన్‌లో ఇక ఏ ఆర్డరూ రాదు. నీకు ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

చొక్కాల పిల్ల రాసినవన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ముందు మర్యాదగా అడిగింది, తర్వాత కోప్పడింది, తర్వాత దొంగ అంది. ఆఖరిది చూడలేకపోయాను, "బొంత వద్దు, కుట్టినా కుట్టకపోయినా మా నాన్నవి తిరిగి ఇచ్చెయ్యండి చాలు" అని. వెంటనే రాశాను, అమ్మా, ఉన్నాయి, జేబులతో సహా ఉన్నాయి అని. పార్సిళ్లతను నిన్న వచ్చి తీసుకెళ్లాడు. కింద వాటా ఆవిడకి క్షమాపణ చెప్పాను. తలుపు సగమే తీసింది. సగమైనా తీసింది.

ఇక నీ కాగితం. మీ ఆయన రాసింది పొయ్యిలో పెట్టాను. అరవకు, చదువు. మీ ఆయన సంగతి నాకు నీ కోపం ఉత్తరం చదివినప్పుడే తట్టింది. ఫోన్ బయట ఎవరికీ ఇవ్వలేదన్నావు, ఇంట్లో ఉన్నది మీరిద్దరే, ఆయన ఏదో సరుకు తిప్పుతున్నాడని నువ్వే రాశావు. ముఠాలూ దూరదేశాలూ అన్నీ నేను అల్లినవి, కంప్యూటర్ షాపతనికి పాపం ఏమీ తెలీదు. నువ్వు వెతికితే దొరుకుతుందని భయపడి వద్దన్నాను. వద్దనడం కూడా చేతకాలేదు నాకు.

ఆ కాగితం పంపితే మీ ఆయన్ని తీసుకెళ్తారు. మంచి పనే, నాలుగు తగలాల్సిందే. కానీ ఆయన్ని తీసుకెళ్తే ఆ ఇంట్లో నువ్వొక్కదానివే ఉంటావు. ఆ ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు బుల్లీ. పొద్దున్నే రెండు గ్లాసులు తీసి ఒకటి వెనక్కి పెట్టడం తెలుసు. అన్నం ఎంత తక్కువ వండినా మిగిలిపోవడం తెలుసు. నాకు కనీసం వీధిలో చప్పుళ్లైనా వినపడతాయి. నీకు అవి కూడా ఉండవు. మీ అన్నయ్య పేరు చెడింది, నిజమే. మీ అన్నయ్యే ఉంటే ఏం చేసేవాడో ఆలోచించు. తన పేరు రాసిచ్చి నీ ఇల్లు కాపాడేవాడు. నేను ఆయన తరఫున పెట్టాను ఆ సంతకం. ఆయనకి అభ్యంతరమైతే నేను వెళ్లినప్పుడు మేమిద్దరం మాట్లాడుకుంటాం.

మీ ఆయనకి నేను రాయను. ఎదురుగా నిలబెట్టి తిట్టాలి, కాగితం మీద నాకు తృప్తి ఉండదు. సెలవు పెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని రా. పక్కగది ఊడ్చి పెట్టాను. ఆయన రానంటే నువ్వొక్కదానివే బస్సెక్కు.

మీ అన్నయ్యతో సంబంధం లేదని రాయమన్నారు, రాశాను. నీతో లేదని రాయమని నన్నెవరూ అడగలేదు. నువ్వు మాత్రం ఎవరూ అడక్కుండానే రాసి పంపావు, ఇదే చివరి ఉత్తరమని. అది చెల్లదు. దాని మీద నా సంతకం లేదు.

నీ వదిన